చెవుల ఆల్బం

పుట్టింటి కాలవలో పై తూము దాకా నీళ్ళు వచ్చేశాయని గణేశ్ ఫోన్ చేసేసరికి హిమబిందు అప్పటికే చీర మార్చుకుని సిద్ధంగా ఉంది. అన్నయ్య చెప్పేది పూర్తిగా వినకుండానే "బయలుదేరాం, బయలుదేరాం" అని ఫోన్ పెట్టేసి మొగుడి వైపు తిరిగింది. సుంకన్న మంచం మీద కెమెరా సంచీ తెరుచుకుని కూర్చున్నాడు. సంచీలో ఇంకొక్క వస్తువుకే చోటుంది. ఆ చోటు కోసం ఆమె పసుపు కుంకుమల డబ్బా ఒకటి, అతని లెన్స్ హుడ్ ఒకటి ఎదురుచూస్తున్నాయి.

"అడుగు లేని సోల అది. బియ్యం కొలవడానికైనా పనికిరాదు. దాన్నెందుకండీ మోసుకు తిరగడం?" అంది బిందు.

"ఊకోవే. సాయంత్రం పొద్దు ఎదురుంగ ఉంటది. హుడ్ లేకుంటే పక్కకెల్లి వచ్చే వెలుగంత అద్దంల పడి ఫోటో తెల్లగైతది."

"ఉన్నప్పుడు మాత్రం ఏం ఉద్ధరించారు? ముద్గల్ కోటలో నా చెవి. మస్కి కొండ మీద నా చెవి. జలదుర్గంలో చెవీ, జుంకా, వెనకాల కృష్ణానది. ఎక్కడికెళ్ళినా మీరు తీసేది నా చెవుల ఆల్బమే!"

సుంకన్న నవ్వేశాడు గాని ఆ మాట అతనికి తగిలింది. నిజమే. సెలవు దొరికినప్పుడల్లా ఇద్దరూ బండి మీద ఏదో ఒక కోటకో కొండకో వెళ్తారు. రాళ్ళు, గుమ్మాలు, గొర్రెలు, నది, అన్నీ చక్కగా వస్తాయి. బిందు మాత్రం ఎప్పుడూ ఓ పక్కకు జరిగిపోయి, సగం చెంపతోనో, జడతోనో మిగులుతుంది. మొదట్లో అది తన చేతకానితనం అనుకున్నాడు. తరవాత ఆలోచించి ఆలోచించి తప్పు వెలుతురిదని తేల్చుకున్నాడు. మనిషికి గురిపెట్టగానే ఎక్కడి నుంచో మెరుపు వచ్చి అద్దంలో పడుతోంది, దాన్ని తప్పించబోయి తను కెమెరాను జరుపుతున్నాడు. అంతే, ఇంకేమీ కాదు.

దాంతో వీడియోలు చూడటం మొదలుపెట్టాడు. లెన్స్ ముందు తగిలించే ఆ నల్ల ప్లాస్టిక్ గొట్టం గురించి లోకంలో ఇంత తగవు ఉందని అతనికి అప్పుడే తెలిసింది. పక్క వెలుతురును ఆపుతుంది, వాన చినుకును ఆపుతుంది, కెమెరా గోడకు కొట్టుకుంటే దెబ్బ తను తింటుంది కాబట్టి మోయాల్సిందేనని ఒక వర్గం. ప్రయాణంలో సగం సంచీ అదే మింగేస్తుంది, సరదాకి తీసుకునేవాళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టుకుంటే చాలునని ఇంకో వర్గం. సుంకన్న మొదటి వర్గంలో చేరిపోయాడు. హుడ్ పార్సిల్లో వచ్చిన రోజు కొత్త చెప్పులు వచ్చిన పిల్లవాడిలా ఇంట్లో కూడా తగిలించుకుని తిరిగాడు. ఆ తరవాత కూడా చెవులే వచ్చాయి.

ఒక సంగతి మాత్రం అతనికి ఎప్పుడూ తట్టలేదు. హట్టి బంగారు గనిలో, భూమి లోపల అతని ఉద్యోగం. చేరిన కొత్తలోనే పెద్దవాళ్ళు ఒక మర్యాద నేర్పారు. టోపీకి దీపం బిగించుకుని నడుస్తున్నప్పుడు ఎదురుగా మనిషి కనపడితే తల కొంచెం పక్కకు తిప్పాలి. తిప్పకపోతే వెలుగు నేరుగా అవతలివాడి కళ్ళలో పడుతుంది, ఆ చీకట్లో వాడికి కాసేపు ఏమీ కనపడదు. మరిచిపోయిన కొత్తవాడికి వెంటనే "ఏయ్, దీపం!" అని కేక వినపడుతుంది. కింద ఇద్దరు మాట్లాడుకుంటున్నారంటే ఇద్దరి ముఖాలూ చెరో గోడ వైపు ఉంటాయి. అక్కడ ముఖం తిప్పుకోవడమే గౌరవం.

షిఫ్టు అయిపోయి పైకొచ్చాక దీపం తీసి అప్పగిస్తారు. మెడను ఎవరూ అప్పగించరు. పెళ్ళిచూపుల్లో బిందు కాఫీ గ్లాసు చేతికిస్తుంటే సుంకన్న కిటికీ వైపు తల తిప్పాడు. పిల్ల నచ్చలేదు కాబోలని ఆ ఇంట్లో అందరూ నిట్టూర్చారు. మర్నాడు ఒప్పుకున్నామని కబురు వస్తే నమ్మలేకపోయారు. ఆ కథ చెప్పుకుని అతని ఇంట్లోవాళ్ళూ, ఆమె ఇంట్లోవాళ్ళూ ఇప్పటికీ నవ్వుతారు. సుంకన్నా నవ్వుతాడు. కాని ఆ మెడనూ ఈ ఫోటోలనూ పక్కపక్కన పెట్టి ఎప్పుడూ చూసుకోలేదు.

చివరికి హుడ్ సంచీలోకి వెళ్ళింది. డబ్బా బిందు ఒళ్ళో కూర్చుంది. బండి లింగసుగూరు దాటి, మస్కి దాటి, తుర్విహాళ దారి పట్టింది. తుంగభద్ర కాలవ కింద ఆంధ్ర రైతులు వచ్చి కట్టుకున్న ఊళ్ళను అక్కడ క్యాంపులంటారు, అలాంటి క్యాంపే బిందు పుట్టిల్లు. రెండు రోజుల ముసురు ఆ పొద్దుటే విడిపోయింది. నల్లరేగడి చేలు దున్ని వదిలేసి ఉన్నాయి. మళ్ళలో అక్కడక్కడా నారు మాత్రం పచ్చగా, కొంచెం పసుపు తిరుగుతూ, నీళ్ళ కోసం చూస్తోంది.

"మాది చివరి భూమి కదండీ," బిందు అతని భుజం మీదుగా గట్టిగా చెప్పింది. "పైవాళ్ళందరూ తాగాకే మాకు. అందుకే మా క్యాంపులో మొదటి నీళ్ళకి ఇంటి ఆడపడుచు ఎదురెళ్ళాలి. ఎండిన పిల్లకాలవలో నీళ్ళకి ముందు నడవాలి. నీళ్ళు మడమ తాకేదాకా వెనక్కి తిరక్కూడదు."

"తిరిగితే ఏమైతది?"

"ఆ ఏడు నీళ్ళు మా దాకా అందవంటారు. పోయినేడు మా బాబాయి కూతురు తిరిగి చూసింది. వారం రోజులు కాలవ ఆగిపోయింది. అదెందుకు ఆగిందో గాని, ఇప్పటికీ పాపం దాన్నే అంటారు."

"మరి నీళ్ళు ఎంత దూరంల ఉన్నయో ఎట్ల తెలుస్తది?"

"మనకి ఎదురుగా వెనక్కి వెనక్కి నడిచేవాళ్ళ మొహాలు చూసి. నోటితో చెప్పకూడదు. మొహంలో తెలిసిపోతుందిగా."

గాలి హెల్మెట్లో హోరుమంటోంది. తరవాత బిందు కొంచెం ముందుకు వంగింది.

"ఈసారి నా మొహం కావాలండీ. ఒక్కటి చాలు. ఇన్నేళ్ళూ ఎందుకు తియ్యట్లేదో నేను అడగలేదు. మీకు చూడ్డానికి ఇష్టం లేదేమో అని… సరదాకే అంటున్నాలెండి."

ఆమె సరదాకి అనలేదని సుంకన్నకు తెలుసు. ఏదో చెప్పాలని నోరు తెరిచాడు. "అట్ల కాదే" అన్నాడు. ఆ మాట గాలిలో ఆమె దాకా వెళ్ళిందో లేదో తెలియలేదు. తీస్తాను. ఈ రోజు తీసి తీరతాను. వెలుతురుకు విరుగుడు సంచీలో ఉంది.

క్యాంపు చేరేసరికి అందరూ కాలవ గట్టు మీదే ఉన్నారు. గణేశ్ మోకాళ్ళ దాకా ప్యాంటు మడిచి, ఫోన్ చెవికి ఆనించుకుని తిరుగుతున్నాడు. "బావగారూ, సరిగ్గా వచ్చారు! మూడో తూము దాటాయంట!" అన్నాడు. అతని భార్య సవిత బిందును రెండు చేతులా పట్టుకుని ఊపేసింది. "ఏవమ్మా ఆడపడుచూ, వెనక్కి చూశావో, ఈ ఏడు మీ హట్టి నుంచి ట్యాంకర్లతో నీళ్ళు తోలిస్తా మీ ఆయన చేత!"

కాలవ పడమటి నుంచి తూర్పుకు సూటిగా ఉంది. సూర్యుడు పడమట దిగుతున్నాడు. నీళ్ళూ అటు నుంచే రావాలి, బిందూ అటు నుంచే నడిచి రావాలి. సుంకన్న ఎండిన కాలవలోకి దిగి అటూ ఇటూ చూశాడు. ఇంత అందమైన బొమ్మ అతనికి మళ్ళీ దొరకదు. అడుగున మట్టి బీటలు వారి పెంకుల్లా లేచి ఉంది. రెండు గట్ల మధ్య ఆమె ఒక్కతే, వెనకాల మెరుస్తూ నీళ్ళు. హుడ్ తీసి లెన్స్‌కు తగిలించి, టక్కుమనేదాకా తిప్పాడు.

ఆడవాళ్ళంతా కాలవలోకి దిగి, బిందుకు ముందు, ఆమె వైపు తిరిగి వరసగా నిలబడుతున్నారు. ఫైండర్లోంచి చూస్తే బిందు కనపడటం లేదు, వాళ్ళ వీపులే కనపడుతున్నాయి.

"అక్కా, జర మీరంత గట్టు మీదికి ఎక్కండి. ముంగట మీరుంటే ఫోటోల ఆమె కనపడదు."

సవిత నడుం మీద చెయ్యి వేసుకుంది. "మేం ముందు లేకపోతే దానికి నీళ్ళు ఎక్కడున్నాయో ఎలా తెలుస్తుంది అన్నయ్యగారూ?"

"నేనున్న కద ముంగట."

"మీరా!" సవిత పకపకా నవ్వి, అందర్నీ గట్టు మీదికి తోలింది. "సర్లెండి. ఇవాళ మా బిందు మీ మొహం చూసుకునే నడుస్తుంది."

వాళ్ళు ఎక్కుతుండగానే పడమటి వైపు నుంచి పిల్లల కేకలు వినపడ్డాయి. నీళ్ళు వచ్చేశాయి.

అల అంటూ ఏమీ లేదు. గోధుమరంగు నాలుక ఒకటి మట్టిని నాకుతూ వస్తోంది. దాని ముందు ఎండుటాకులు, గడ్డి, ఖాళీ పొట్లాలు, ప్రాణం దక్కించుకోవడానికి గెంతుతున్న మిడతలు. ఒక్కో బీటలోకి దిగి, అందులోని గాలిని బుడబుడమని తోసి, నిండి, మళ్ళీ ముందుకు. గట్టు మీద జనం నీళ్ళతో పాటు పరుగెడుతూ అరుస్తున్నారు. డప్పు ఒకటి ఎక్కడి నుంచో వచ్చి కలిసింది. ఆ గోలలో నీళ్ళ చప్పుడు నీళ్ళకే వినపడదు.

బిందు డబ్బా పట్టుకుని నడక మొదలుపెట్టింది.

సుంకన్న కన్ను ఫైండర్‌కు ఆనించాడు. ఆనించగానే అతనికి ప్రాణం కుదుటపడింది. చుట్టూ చీకటి, చివర వెలుగు, ఆ వెలుగులో ఒక మనిషి. గనిలో సొరంగం చివర నిలబడి బయటికి చూస్తున్నట్టే ఉంది. ఇంత నల్ల గొట్టం మీద తనకు ఎందుకంత ప్రేమో ఒక్క క్షణం అర్థమైనట్టే అయి, జారిపోయింది. ఆలోచించే తీరిక లేదు. ఆమె దగ్గరికి వస్తోంది. నడుం, భుజాలు, ముఖం.

ఫైండర్లో తెల్లటి మెరుపు పరుచుకుంది. సూర్యుడు ఆమె చెవి పక్కనే ఉన్నాడు. వెలుగు పక్క నుంచి వస్తే హుడ్ ఆపుతుంది. సూర్యుడే వచ్చి బొమ్మలో కూర్చుంటే ఏ గొట్టం ఆపుతుంది? సుంకన్న కొంచెం జరిగాడు. బిందు బొమ్మలో ఓ అంచుకు వెళ్ళింది. జుంకా మెరిసింది. అయ్యో అనుకుని మళ్ళీ మధ్యకు తెచ్చాడు. మళ్ళీ జరిగిపోయింది.

అంతలో మిగిలిపోయిన మబ్బు తునక ఒకటి సూర్యుడికి అడ్డం వచ్చింది. మెరుపు పోయింది. కాలవంతా మెత్తటి వెలుతురు. బిందు ముఖం స్పష్టంగా, నిండుగా, కనురెప్పలతో సహా కనపడింది. ఇదే, ఇదే అనుకుంటూ వేలు బటన్ మీద పెట్టాడు. పెట్టగానే బొమ్మ మెల్లగా పక్కకు జరిగింది. ఇప్పుడు ఏ మెరుపూ లేదు. తప్పించుకోవాల్సిన వెలుగే లేదు. అయినా తన మెడ, తను చెప్పకుండా, ఎవరో పగ్గం పట్టి లాగినట్టు ఎడమకు తిరుగుతోంది. ఆ తిరగడాన్ని సుంకన్న మొదటిసారి చూశాడు. లోపలెక్కడో "ఏయ్, దీపం!" అన్న కేక కూడా వినపడింది.

ఇన్నేళ్ళూ వెలుతురు మీద నేరం మోపాడు. డబ్బు పెట్టి గొట్టం కొన్నాడు. వెలుతురు ఏం చేసింది పాపం?

"ఏవండీ!" బిందు గొంతు గోలను చీల్చుకుని వచ్చింది. "మీ మొహమేదీ? ఆ గొట్టం తప్ప నాకేం కనపడట్లేదు! నీళ్ళెక్కడున్నాయి?"

చెప్పకూడదు. నోటితో చెప్పకూడదు. ఆమె నడక తడబడింది. ఒక భుజం వెనక్కి తిరగబోయింది.

"తిరక్కు! తిరక్కే బిందూ!" గట్టు మీద నుంచి సవిత కీచుమంది.

"నాకు తెలియట్లేదు వదినా!"

సుంకన్న కెమెరాను కంటి నుంచి దించేశాడు. రొమ్ముకు ఆనించి పట్టుకుని తలెత్తి ఆమెను చూశాడు. మబ్బు తొలిగిపోయింది. సూర్యుడు మళ్ళీ ఎదురుగా. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మెడ తిరుగుతానంది. వద్దన్నాడు. తల మీద దీపం లేదు, ఎవరి కళ్ళూ పోవు, నిలబడు అని తన మెడతో తను అన్నాడు. అంత చిన్న పనికి ఒంట్లో బలమంతా కావలసి వచ్చింది. దవడలు బిగుసుకున్నాయి. ఆమె అతని ముఖాన్ని చూస్తోంది. అతను ఆమె ముఖాన్ని చూస్తున్నాడు.

ఆమె నుదుటి మీద చెమట పసుపుతో కలిసి కారుతోంది. కింది పెదవి పంటి కింద పెట్టుకుంది. ఒక కనుబొమ రెండోదాని కంటే కొంచెం పైకి ఉంటుందని అతను ఇంతకు ముందెప్పుడూ గమనించలేదు. ఇంత దగ్గర ఉండి, ఇన్నాళ్ళు ఒక ఇంట్ల ఉండి!

నీళ్ళు ఆమెకు బారెడు దూరంలో ఉన్నాయి. సుంకన్న కళ్ళు పెద్దవి చేశాడు. బిందు అది చదువుకుంది. చదువుకుని గట్టిగా ఊపిరి పీల్చింది. ఒక అడుగు. అతను కనుబొమలు ఎగరేశాడు. ఆమెకు నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూసి అతనికి నవ్వు వచ్చింది. గట్టు మీద జనానికి ఏమీ అర్థం కాలేదు. కాలవ మధ్యలో మొగుడూ పెళ్ళాం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుంటూ పిచ్చివాళ్ళలా నవ్వుతున్నారు, ఒకరు ముందుకు, ఒకరు వెనక్కి నడుస్తున్నారు. జానెడు దూరం. బెత్తెడు. అతని వేలు బటన్ మీద ఎన్నిసార్లు పడిందో అతనికి తెలియదు. కెమెరా ఎటు చూస్తోందో కూడా తెలియదు.

వెనక్కి వేసిన అడుగు ఒక మట్టిపెళ్ళ మీద పడి జారింది. సుంకన్న కూలబడ్డాడు. కెమెరా ఎగిరి మూతి మట్టికి కొట్టుకుంది. హుడ్ అంచు పగిలి ఓ ముక్క ఊడింది. అద్దానికి మాత్రం గీత కూడా పడలేదు.

సరిగ్గా అప్పుడే బిందు "అమ్మా!" అంది. చల్లటి నీళ్ళు ఆమె మడమలు తాకాయి.

అప్పుడు తిరిగింది ఆమె. దోసిలి నిండా పసుపు, కుంకుమ నీళ్ళలో వదిలింది. ఆ ఎరుపూ పసుపూ కలిసి ఆమె కాళ్ళ చుట్టూ ఒక్కసారి తిరిగి, దాటుకుని వచ్చి, కూలబడి ఉన్న సుంకన్న ప్యాంటును తడిపేసి ముందుకు వెళ్ళిపోయాయి. గట్టు మీద ఈలలు, కేకలు, డప్పు. గణేశ్ పరుగున దిగి బావ చెయ్యి పట్టి లేపాడు.

"కెమెరా ఏవైనా అయిందా బావగారూ?"

"గొట్టం పగిలింది. అద్దం బాగుంది."

"పోన్లెండి, దాన్నెందుకు తెచ్చారో ఇప్పుడు తెలిసింది" అని, చివరి మడి దాకా నీళ్ళు ఎలా పోతున్నాయో చూడ్డానికి అతను పరుగెత్తాడు.

బిందు పిక్కల దాకా నీళ్ళలో నిలబడి ఉంది. ఇంకా రొప్పుతోంది. "వచ్చిందా?" అంది. నీళ్ళ గురించి కాదని అతనికి తెలుసు.

"తెల్వదే. చూసి తియ్యలే. కెమెరాను చూడలే, నిన్నే చూసిన."

ఆమె అతని దగ్గరికి వచ్చింది. తెర వెలిగించి చూస్తే ఎండలో ఏమీ కనపడలేదు, తమ ఇద్దరి నీడలు తప్ప. బిందు తడిసిన కొంగు లాగి అతని తల మీదుగా, తన తల మీదుగా, కెమెరా మీదుగా కప్పేసింది. లోపల చిన్న చీకటి అయింది. తెర వెలిగింది.

మొదటి ఫోటోలో ఆకాశం. రెండో దాంట్లో గట్టు, ఎవరివో కాళ్ళు. తరవాత మళ్ళీ ఆకాశం, కాలవ పక్కకు ఒరిగిపోయి. సుంకన్న వేలు ఇంకొకటి జరిపింది.

నుదురు కొంచెం తెగింది. వెనకాల సూర్యుడు పేలిపోయినట్టున్నాడు. సగం బొమ్మ తెల్లబారింది. వెలుతురు చుక్కలు వరసగా ఆమె బుగ్గ మీదుగా గడ్డం దాకా దిగాయి. వాటన్నిటి మధ్య బిందు ముఖం, నిండుగా, ఎదురుగా.

బిందు తెర మీదికి ఇంకా వంగింది.

"ఇంత భయపడ్డానా నేను?"

"పడ్డవ్."

"మరి ఈ నవ్వేంటి?"

"గది కూడ నువ్వే."

"ఈ చుక్కలేంటి బుగ్గ మీద?"

"ఎండ. హుడ్ ఆపలే. కంప్యూటర్ల పెట్టి తీసేస్త."

"తీశారంటే ఊరుకోను." ఆమె కెమెరా పట్టీ పట్టుకుంది. "ఒక్క చుక్క తీసినా ఊరుకోను."

సుంకన్న తెర మీది నుంచి తలెత్తాడు. కొంగు చీకట్లో ఆమె ముఖం జానెడు దూరంలో ఉంది. తడిగా, పసుపు మరకలతో, తెర వెలుగు కింది నుంచి పడుతూ ఉంది. మెడ ఓ పక్కకు కదలబోయింది. కదిలి, మళ్ళీ తిరిగి వచ్చింది. అతను చూస్తూనే ఉన్నాడు.

"ఏంటండీ అలా చూస్తారు?"

"చూడనీ."

బయటి నుంచి సవిత నీళ్ళు చిమ్మింది. "ఏవమ్మా ఆడపడుచూ! ఫోటో చూడ్డానికి ఇంతసేపా? అందరూ చూస్తున్నారు, బయటికి రండి ఇద్దరూ!"

"ఇంకాసేపాగు వదినా" అని లోపలి నుంచే కేకేసింది బిందు.